ఇంటి లెక్క: తాకట్టు లేని అప్పుకు తాకట్టు ఏమిటి?



గత సంచికలో బ్యాంకు ఖాతాకు నామినీ పేరు వ్రాయించుకోవడం గురించి ముచ్చటించుకున్నాం. ఆ తరువాత నాకు అందిన ఉత్తరాలలో, ఫోన్లలో నామినీ సంగతి అడిగినవారు ఇద్దరో ముగ్గురో. మిగిలినవారు అడిగింది ఒకటే. "నాలుగైదు చోట్ల చిన్న చిన్న అప్పులున్నాయి. ఒకటి కట్టడానికి మరొకటి తేవలసి వస్తోంది. దీంట్లోంచి బయటపడే దారి ఉందా?" అని. అడిగినవారిలో ఎక్కువమంది తమ పేరు చెప్పలేదు. ఆ చెప్పకపోవడంలోనే ఈ జబ్బుకు సగం మూలం ఉందని నా అనుభవం. అందుచేత ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

మన ఊళ్ళో సాంచాల మీద పనిచేసేవారికి పగారు పదిహేను రోజులకొకసారి వస్తుంది. ఎన్ని మీటర్ల బట్ట దిగితే అంత కూలి. కరెంటు పోయినా, బీము ఆలస్యమైనా, నూలు ధర పెరిగి సేఠ్ సాంచాలు ఆపినా కూలి తగ్గుతుంది. గది అద్దె, కిరాణా, పిల్లల ఫీజు మాత్రం తగ్గవు. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు, 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇది ఎంత దూరం పోతుందో పద్మానగర్, కామత్‌ఘర్ వాసులకు నేను చెప్పనవసరం లేదు. రెండు పగార్ల మధ్య ఏర్పడే ఈ సందులోకే చిన్న అప్పు దూరుతుంది.

ఇది మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. అమెరికాలో "పేడే లోన్" అని ఒకటుంది. పగారు రోజున తీర్చేస్తానని తెచ్చుకునే అప్పు అన్నమాట. 100 డాలర్లకు రెండు వారాలకు 15 డాలర్ల రుసుము అక్కడ మామూలు. వినడానికి స్వల్పమే. ఏడాది లెక్కన చూస్తే 390 శాతం. మన దగ్గర దానికి పేర్లు వేరు: పది రూపాయల వడ్డీ, గిరిగిరి, గ్రూపు లోను, ఈమధ్య సెల్‌ఫోనులో యాప్ లోను.

వడ్డీని ఏడాదికి మార్చి చూడండి

అప్పిచ్చేవాడు ఎప్పుడూ వడ్డీని చిన్న ముక్కలుగా చెబుతాడు. రోజుకు వంద, వారానికి ఇంత, నూటికి పది అంటాడు. మనం దానిని ఏడాదికి మార్చి చూసుకోవాలి. అప్పుడే రెండు అప్పులను పక్కపక్కన పెట్టి పోల్చగలం.

నూటికి నెలకు ఐదు రూపాయలంటే ఏడాదికి 60 శాతం. పది రూపాయలంటే 120 శాతం. గిరిగిరిలో 10,000 అని వ్రాసుకుని, ముందే 1,000 పట్టుకుని 9,000 చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. "వెయ్యి రూపాయలే కదా వడ్డీ" అనిపిస్తుంది. కాని ఆ 9,000 మన దగ్గర వంద రోజులూ ఉండదు, మొదటి రోజు నుంచే తరుగుతూ వస్తుంది. సరిగ్గా లెక్క కడితే ఏడాదికి 80 శాతానికి దగ్గర పడుతుంది. ఇక కొన్ని దొంగ యాప్‌ల పద్ధతి చూడండి. 5,000 మంజూరని చూపి 3,500 ఖాతాలో వేస్తారు. ఏడు రోజులలో 5,000 కట్టమంటారు. వారానికి నూటికి 43 రూపాయలు! ఏడాదికి 2,200 శాతం దాటుతుంది. పోలిక కోసం చెబుతున్నాను, ప్రభుత్వ రంగ బ్యాంకులో బంగారం మీద తీసుకునే అప్పుకు సాధారణంగా నూటికి నెలకు రూపాయి లోపే వడ్డీ ఉంటుంది.

అయినా జనం ఎందుకు తీసుకుంటారు? తెలివి లేక కాదు. ఈ అప్పుకు కాగితాలు అడగరు, జామీను అడగరు, తాకట్టు అడగరు. అర్ధరాత్రి అడిగినా ఐదు నిమిషాలలో డబ్బు పడుతుంది. ముఖ్యంగా ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక్కక్షణం ఆగాలి. ముప్ఫై ఏళ్ళుగా అప్పుల కాగితాలు చూసినవాడిగా చెబుతున్నాను, తాకట్టు లేని అప్పంటూ ఉండదు. ఇంటి కాగితమో, బంగారమో, జామీనుదారు సంతకమో ఏదో ఒకటి అప్పిచ్చినవాడి చేతిలో ఉండి తీరుతుంది. యాప్ లోనుకు తాకట్టు మన ఫోనులోని పేర్ల జాబితా. గ్రూపు లోనుకు తాకట్టు పక్కింటి ఆడవాళ్ళ ముందు మన మాట. పది రూపాయల వడ్డీకి తాకట్టు మన గుమ్మం. అంటే మన పరువు. దానిని కుదువ పెట్టినట్టు మనం ఎక్కడా సంతకం చేయము కాబట్టి తాకట్టు లేదనుకుంటాం.

రెండు పాత సంగతులు

2010లో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఒకే ఇంటికి నాలుగైదు మైక్రోఫైనాన్స్ కంపెనీలు అప్పులిచ్చాయి. వాయిదా తప్పినవారిని గ్రూపు ముందు నిలబెట్టడం, గ్రూపువాళ్ళ చేతనే అడిగించడం జరిగింది. ఆత్మహత్యల వార్తలు వచ్చాక ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పదేళ్ళు తిరిగేసరికి, 2020 డిసెంబరులో, హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు లోన్ యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. అప్పటికే తెలంగాణలో యాప్ వేధింపులకు తాళలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వారి అప్పులు కోట్లు కావు. ఒక చిన్న శుభకార్యానికయ్యే ఖర్చు కూడా కానివి ఉన్నాయి. వారిని చంపింది అప్పు మొత్తం కాదు, బంధువులకూ స్నేహితులకూ ఫోన్లు వెళ్ళడం, వారి ఫొటోలు మార్చి పంపడం. తాకట్టును వేలం వేశారన్నమాట.

ఈ రెండు సంగతులలోనూ నేర్చుకోవలసింది ఒకటే. ఈ రకం అప్పుకు బలమంతా దాపరికంలో ఉంది. దాపరికం పోతే అప్పిచ్చినవాడి చేతిలోని తాకట్టు చెల్లదు. కనుక విముక్తికి మొదటి మెట్టు డబ్బు కాదు, ఇంట్లో చెప్పడం.

ఒక ఇంటి లెక్క

మన ఊరి కుటుంబం ఒకటి ఆ మధ్య సలహాకు వచ్చింది. వారి అనుమతితో, ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చి వ్రాస్తున్నాను. భర్త సాంచాలు నడుపుతాడు. భార్య ఇంట్లో కుట్టుపని చేస్తుంది. కూతురు కాలేజీలో చదువుతోంది. మొదట ఆయన ఒక్కడే వచ్చాడు. "మొత్తం ఎంత ఉంటుంది?" అంటే "యాభై వేలు ఉంటదేమో సార్" అన్నాడు. ఒక కాగితం ఇచ్చి, ఇంటికి వెళ్ళి భార్యను పక్కన కూర్చోబెట్టుకుని వ్రాసి తెమ్మన్నాను. చాలాసేపు ఆ కాగితం వంక చూశాడు. అప్పుల సంగతి సగం ఆవిడకు తెలియదు. "చెప్పడం కన్నా ఊరిడిచి పోవుడే నయం సార్" అన్నాడు. ఆ మాట నేను తేలికగా తీసుకోలేదు. ఆ సాయంత్రమే ఆయనతో కలిసి వాళ్ళింటికి వెళ్ళాను.

కాగితం మీద తేలినది ఇది. గ్రూపు లోన్లు రెండు, మిగిలిన వాయిదాలు ఒకదానికి 24,000, మరొకదానికి 18,000. యాప్‌లు మూడు: 6,000, 4,500, 3,000. పది రూపాయల వడ్డీకి తెచ్చినది 20,000. సేఠ్ దగ్గర అడ్వాన్సు 10,000. కిరాణా బాకీ 3,500. వెరసి 89,000.

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. "అప్పైతే అయింది. నాకు ముందుగాల ఎందుకు చెప్పలే?" అని మాత్రం అంది. ఆయన దగ్గర సమాధానం లేదు. కూతురే లేచి కాగితం మీద గీతలు గీసి, పగార్లు ఒక పక్క, ఖర్చులు ఒక పక్క వ్రాయడం మొదలుపెట్టింది.

ఇద్దరి సంపాదన కలిపి నెలకు 22,000. అద్దె, తిండి, చదువు, కరెంటు 14,000. మిగిలేది 8,000. గ్రూపు వాయిదాలు 2,600, 2,000. వడ్డీవ్యాపారికి వడ్డీయే 2,000. సేఠ్ పగారులో పట్టుకునేది 1,000. ఇవి 7,600. మిగిలిన 400తో ఆ నెలలో గడువు తీరే 13,500 యాప్ అప్పులు ఎలా కట్టాలి? కట్టలేరు. కాబట్టి కొత్త యాప్. ఆయన దుబారా చేసినవాడు కాదు, తాగేవాడు కాదు. మనిషి మంచివాడైనా లెక్క ఒప్పుకోలేదు, అంతే.

తరువాత చేసినవి వరుసగా చెబుతాను. ఎవరికైనా ఈ వరుసే పనికివస్తుంది.

మొదట, కొత్త అప్పు ఆపారు. ఫోనులోని యాప్‌లు తీసేసేముందు ప్రతి సందేశానికి, ప్రతి చెల్లింపుకు ఫొటో తీసి దాచుకున్నారు.

రెండవది, మూడు యాప్‌లలో ఏది అసలైనదో చూశారు. 2025 జులై నుంచి రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైటులో, తన అజమాయిషీలోని సంస్థలు వాడే లోన్ యాప్‌ల జాబితా పెట్టింది. 6,000 ఇచ్చిన యాప్ ఆ జాబితాలో ఉంది. మిగిలిన రెండూ లేవు. వాటి వెనుక ఏ బ్యాంకు పేరూ లేదు. పైగా చేతికి అందినదానికంటే ఎక్కువే అప్పటికే కట్టి ఉన్నారు. వాటి మీద 1930 నంబరుకు ఫోను చేసి సైబర్ నేరాల విభాగంలో ఫిర్యాదు నమోదు చేశారు.

మూడవది, ఇదే అన్నిటికన్నా కష్టమైనది. ఫోనులో ఉన్న చుట్టాలకు, సేఠ్‌కు, పక్కింటివారికి కూతురే సందేశం పంపింది. "మా నాన్న ఫోను నంబర్లు మోసపు యాప్ వాళ్ళ చేతిలో పడ్డాయి. ఏ ఫొటో వచ్చినా, ఎవరు ఏమన్నా నమ్మవద్దు, డబ్బు పంపవద్దు. పోలీసు ఫిర్యాదు ఇచ్చాము." పది రోజులు బెదిరింపు ఫోన్లు వచ్చాయి. సేఠ్‌కు కూడా వెళ్ళింది. ముందే తెలుసు కనుక ఆయన పెట్టేశాడు. ఆ తరువాత ఫోన్లు ఆగిపోయాయి. ఆ రోజున వారి పరువు తాకట్టు విడిపించుకున్నట్టు.

నాలుగవది, ఖరీదైన అప్పును చౌకదానిగా మార్చారు. ఆవిడ తన గొలుసు తీసి టేబుల్ మీద పెట్టింది. దాని మీద బ్యాంకులో 26,000 తీసుకుని అదే రోజు వడ్డీవ్యాపారి 20,000, అసలైన యాప్ 6,000 మూసివేశారు. వ్యాపారి దగ్గర నోటు తిరిగి తీసుకున్నారు. నెలకు 2,000 ఉన్న వడ్డీ 260 లోపుకు దిగింది. అప్పు తీర్చడానికి అప్పు చేయవద్దని పెద్దలంటారు. నిజమే, కాని దానికి ఒక మినహాయింపు ఉంది. కొత్త అప్పు పాతదానికన్నా చౌకై ఉండాలి, పాతది అదే రోజు మూసేయాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా వద్దు.

ఐదవది, నెలకు మిగిలిన 2,140తో ముందు కిరాణా బాకీ తీర్చారు. రేపు అవసరమైతే బియ్యం ఇచ్చేది ఆయనే. తరువాత ఆ మొత్తం గొలుసు మీదికి మళ్ళించారు. ఒక్కొక్క గ్రూపు లోను తీరినకొద్దీ దాని వాయిదా సొమ్మును ఖర్చుకు కాకుండా మిగిలిన అప్పుకే చేర్చారు. నా లెక్క ప్రకారం పదకొండు నెలలు. మధ్యలో సాంచాలు ఒక నెల పైగా ఆగడంతో పద్నాలుగు పట్టింది. గొలుసు ఇంటికి వచ్చింది. ఆయనకు ఇప్పటికీ ఆస్తి ఏమీ లేదు. అప్పు కూడా లేదు.

బంగారం లేనివారు ఏం చేయాలి? తాము సభ్యులుగా ఉన్న పతపేఢీలో వ్యక్తిగత అప్పు అడగవచ్చు. లేదా వాయిదా తగ్గించి గడువు పెంచమని అప్పిచ్చిన సంస్థకు చేతివ్రాత అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. నోటిమాట చెల్లదు. అర్జీలో "కట్టలేను" అని వ్రాయకండి. "నెలకు ఇంత కట్టగలను, ఈ తేదీ నుంచి" అని వ్రాయండి. అటువంటి కాగితం బ్యాంకు మనిషి తన పై అధికారి ముందు పెట్టగలడు.

నియమాలు మనవైపే ఉన్నాయి

2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేది మైక్రోఫైనాన్స్ అప్పు. ఆ ఇంటి అన్ని అప్పుల వాయిదాలు కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా లేదు. వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తరువాత రాకూడదు, ఫోను చేయకూడదు.

యాప్ లోనుకు వడ్డీ, రుసుములు కలిపిన ఏడాది ఖర్చును ముందే ఒక కాగితంలో చూపాలి. డబ్బు నేరుగా మన ఖాతాలోకి రావాలి, తిరిగి నేరుగా అప్పిచ్చిన సంస్థ ఖాతాకే పోవాలి. తీసుకున్నాక మనసు మారితే కనీసం ఒక రోజు గడువులో, జరిమానా లేకుండా తిరిగి ఇచ్చేయవచ్చు. ఫోనులోని పేర్ల జాబితా, ఫొటోలు చూసే హక్కు యాప్‌కు లేదు. అది అడిగిందంటే తాకట్టు అడుగుతోందని గ్రహించండి. రిజర్వు బ్యాంకు అజమాయిషీలోని సంస్థ అయితే ముందు దానికే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజులలో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. వివరాలకు 14448 నంబరు.

వడ్డీవ్యాపారికి మహారాష్ట్రలో 2014 చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. లేకుండా వడ్డీకి ఇవ్వడం నేరం. ఫిర్యాదు సహకార శాఖ సహాయక నిబంధకుని కార్యాలయంలో ఇవ్వాలి. ఈ ప్రాంతపు న్యాయస్థానాలలో "దామ్‌దుపట్" అని పాత సూత్రం ఒకటి ఉంది. వడ్డీ ఒక దఫాలో అసలును మించరాదని దాని సారాంశం. విచిత్రమేమిటంటే, 2015 జనవరిలో ఇంగ్లండు వారు తమ పగారు అప్పుల మీద పెట్టిన హద్దు కూడా అదే. వడ్డీ, రుసుములు అన్నీ కలిపి అసలును మించరాదన్నారు. మన పూర్వీకులకు తెలిసిన లెక్క వారికి ఇప్పటికి అవసరపడింది.

వకీలు ఖర్చు భరించలేనివారికి కోర్టు ఆవరణలోని తాలూకా న్యాయసేవా సమితి ఉచితంగా సలహా ఇస్తుంది. ఫోను నంబరు 15100. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానికి కోర్టు తీర్పుతో సమానమైన విలువ ఉంటుంది. రాజీ పడి తక్కువ కడితే మాత్రం క్రెడిట్ రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది. రేపు ఇంటి లోనుకు అది అడ్డు కావచ్చు. అందుచేత చేతనైనంతవరకు పూర్తిగా తీర్చి బాకీ లేనట్టు పత్రం తీసుకోండి. ఆ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా దొరుకుతుంది. మీకు తెలియని అప్పు మీ పేర ఉందేమో కూడా అందులో బయటపడుతుంది.

అప్పు భారంతో మనసు చెదిరి, బ్రతుకు మీద విరక్తి కలుగుతున్నవారు 14416కు ఫోను చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ అది. తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరైనా ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నా, పగారు రోజు కూడా ముభావంగా ఉంటున్నా ఒక్కమాట అడగండి. అడిగేటప్పుడు "ఎందుకు చేశావు" అనకండి. "ఎంత ఉంది, కూర్చుని రాసుకుందామా" అనండి. మొదటి ప్రశ్నకు మనిషి తలుపు మూసుకుంటాడు, రెండవదానికి కాగితం తెచ్చుకుంటాడు.

చివరగా ఆడపడుచులకు ఒక మనవి. నెలకు ఒకసారి, పగారు వచ్చిన ఆదివారం, ఇంటిల్లిపాదీ కూర్చుని రాబడి, ఖర్చు, అప్పు ఒకే కాగితం మీద వ్రాసుకోండి. పదవ తరగతి దాటిన పిల్లలను కూడా కూర్చోబెట్టండి. వారికి లెక్కలు మనకన్నా బాగా వచ్చు. ఏ అప్పు అయినా తెచ్చేముందు ఆ కాగితం మీద వ్రాయడానికి సిగ్గుపడుతున్నామంటే, ఆ అప్పు తేవద్దని అర్థం.

వచ్చే సంచికలో చీటీలు, భిశీల గురించి వ్రాస్తాను. ఏది రిజిస్టరైనదో, ఏది కాదో ఎలా తెలుసుకోవాలో చూద్దాం. మీ సందేహాలు సంఘం కార్యాలయానికి పంపండి. ఈసారి పేరు వ్రాయండి. పత్రికలో వేయను.